దగ్గే గంట

ఆ ఏడు లవంగాల కోత మొదలయ్యేసరికి నా చేతిలో ఉన్నవి ఇవి: ఇంజను బిగించిన పడవ ఒకటి, రేకుల గోడౌను ఒకటి, మొగ్గ ఎండబెట్టే చాపలు నలభై. మాట తక్కువ, చూపు ఎక్కువ అయిన భార్య నూర్సినా. బస్తాలు లెక్కపెట్టడంలో నన్ను మించిపోయిన పదిహేడేళ్ల కూతురు జైతూన్. ఇవి కాక గోడౌనులో, పాత చాపల వెనక, దోమతెర గుడ్డ చుట్టిన చెక్కపెట్టెలో పన్నెండు కంచుగంటలు. ఈ చివరి సరుకు సంగతి నాకూ నూర్సినాకూ తప్ప మూడో మనిషికి తెలియదు.

అవి బోర్లించిన చిన్న గిన్నెల్లా ఉంటాయి, నడినెత్తిన ఒక బొడిపె. పన్నెండూ వరసలో పేర్చి రెండు కర్రలతో వాయిస్తారు. మతాల గొడవలు ముదిరిన రెండో ఏడు, రేవులో ముఖం ఎరగనివాడొకడు పెట్టె మూత కాస్త ఎత్తి చూపించాడు. రెండు బస్తాల బియ్యం ఇచ్చి తీసుకున్నాను. ఎక్కడివని అడగలేదు. అడగకుండా ఉండటం కూడా వ్యాపారంలో ఒక పనే.

ఇంటికొచ్చాక ఒక్కొక్కటీ వేలితో తట్టాను. ఎనిమిదవదాని అంచు మీద పగులు, దానికి రాగి అతుకు. తట్టగానే మోగి, ఆ మోత చివర పొడిగా దగ్గింది. ఆ దగ్గు నాకు తొమ్మిదేళ్ల వయసు నుంచి తెలుసు.

అవి వైలేసి వాళ్లవి. అఖాతానికి అవతలి ఒడ్డు వాళ్లది, ఇవతల మా హతుమెరి. వాళ్లు చర్చికి వెళతారు, మేము మసీదుకు. తాతల తాతలు నెత్తురు కలిపిన సారా ఒకే చిప్పలో తాగి ప్రమాణం చేసుకున్నారట. అప్పటినుంచి రెండు ఊళ్లూ అన్నదమ్ములు. దాన్ని పెలా అంటాం. పిల్లనిచ్చి పుచ్చుకోకూడదు. వాళ్ల చెట్టు కొబ్బరికాయ మేం కోసుకుంటే దొంగతనం కాదు. కష్టం వస్తే పిలవకముందే వెళ్లాలి. ఒకరి వస్తువుకు ఒకరు వెల కట్టకూడదు. తప్పితే ఆ తప్పు బిడ్డల మీదకొస్తుందంటారు.

నా తొమ్మిదో ఏట మా మసీదు నడిమి స్తంభానికి దుంగ తెచ్చింది వాళ్లే. పన్నెండు రోజులు మా ఇళ్లల్లో ఉన్నారు. మెల్కియాస్ అనే కుర్రవాడు అప్పుడు నా మణికట్లు పట్టుకుని ఈ గంటల మీద ఒక పాట నేర్పాడు. పడవల్లో వచ్చే అన్నదమ్ములకు ఒడ్డు నుంచి చెప్పే జవాబు పాట అది.

గొడవల్లో ఎవరెవరో పరాయి ఊళ్లవాళ్లు మా కొండమొన చుట్టి వెళ్లి వైలేసిని తగలబెట్టారు. మేం ఒడ్డున నిలబడి పొగ చూశాం. పిలవకముందే వెళ్లాల్సినవాళ్లం, పిలిచినా వెళ్లలేదు. ఆ సంగతి మా ఊళ్లో ఎవరూ ఎత్తరు. నా పెట్టె ఆ మంటల్లోంచి బయటపడ్డదే.

"పట్నంలో కొలిమివాడికి అమ్మెయ్యి," అనేది నూర్సినా.

"కంచు ధర ఇంకా పెరుగుతుందే," అనేవాణ్ణి.

అది నిజమో కాదో నాకే తెలియదు.

గొడవలు చల్లారిన మూడో ఏడు, మొదటి కోత చాపల మీద ఎండుతుండగా రాజా కబురు పెట్టాడు. మా వైపు ఊరిపెద్దను రాజా అంటారు. కిరీటం ఉండదు, మోకాళ్ల నొప్పులుంటాయి. మసీదు అరుగు మీద పెద్దలంతా ఉన్నారు.

"కోత కాగానే పెలా మళ్లీ వెచ్చబెట్టుకుందాం," అన్నాడు రాజా. "వైలేసి వాళ్లు ఏడు పడవల్లో వస్తామన్నారు. వాళ్ల శంఖాలు వాళ్లు తెచ్చుకుంటారు, మన డప్పులు మనకున్నాయి. రెండూ కలిపి వాయించాలి."

నా బావమరిది లతీఫ్ నవ్వాడు. ఆ గొడవల్లో అతని తమ్ముడు పోయాడు, అతని కుడిచేతికి రెండు వేళ్లు పోయాయి. "ఏడు పడవలంటే ఎంతమందో లెక్క కట్టారా రాజా? పడవల్లో శంఖాలే ఉంటాయని ఎవరు చూశారు?"

"అవతలి ఒడ్డున కూడా ఈపాటికి నీలాంటివాడొకడు ఇదే మాట అంటుంటాడు," అన్నాడు రాజా. నా వైపు తిరిగాడు. "తాయిబ్, పడవలు పగడపు దిబ్బ దగ్గర ఆగి డోలు కొడతాయి. మనం గంటలతో జవాబు చెప్పాలి. మనవేమో బియ్యం కోసం ఒక్కొక్కటే అమ్ముకున్నాం. పట్నంలో ఒక వరస దొరుకుతుందేమో చూడు. నీకు తెలియని అంగడి లేదు కదా."

చూస్తానన్నాను. నిజంగానే చూశాను. ఆ నెలలో రెండుసార్లు పట్నం వెళ్లి, ఎంత చెబితే అంత ఇచ్చి పాతదో కొత్తదో కొందామని ప్రతి అంగడీ తిరిగాను. కొంటే పెట్టె తెరిచే పని ఉండదు. దొరకలేదు. రెండోసారి వెళ్లినప్పుడు సగం అంగళ్లు మధ్యాహ్నానికే మూశారు. ఎక్కడో ఒక మోటారుసైకిలువాడు చచ్చి పడి ఉన్నాడని అందరి ఫోన్లలో మెసేజీలు తిరుగుతున్నాయి. పడిపోయి చచ్చాడని కొందరు, పొడిచారని కొందరు. ఏ వీధివాడో, అంటే ఏ మతంవాడో, మాత్రం అందరూ చెబుతున్నారు.

తిరిగొచ్చేసరికి మసీదు ముందు జనం. నడిమధ్య నా చెక్కపెట్టె.

"నాన్నా!" అంటూ ఎదురొచ్చింది జైతూన్, ఒళ్లంతా లవంగం దుమ్ముతో. "కొని తెచ్చి మాకు చెప్పకుండా దాస్తావా? చాపలు చాలక పాతవి లాగుతుంటే దొరికింది. ఎంత గడుసువాడివి!"

రాజా నన్ను కావలించుకున్నాడు. "పట్నంలో దొరకలేదని మొహం వేలాడేసుకుని తిరిగావు, ఆశ్చర్యపరుద్దామనా?"

నవ్వాను. ఇంకేం చెయ్యను? జనం వెనక నూర్సినా నిలబడి నన్నే చూస్తోంది. లతీఫ్ మిగిలిన వేళ్లతో కర్ర పట్టుకుని వరసగా వాయించుకుంటూ వచ్చి ఎనిమిదవదాని దగ్గర ఆగాడు. మళ్లీ కొట్టాడు. "ఇది దగ్గుతోందేంటి బావా? నీకు పాత సరుకు అంటగట్టారు. ఊరందరినీ ముంచేవాడివి, నిన్ను ముంచినవాడు దొరికాడన్నమాట!"

అందరూ నవ్వారు. నేనూ నిజమేనన్నట్టు తల ఊపాను.

ఆ రోజు నుంచి సాయంత్రాలు సాధన. కుర్రాళ్లకు డప్పు వచ్చు, గంటలు రావు. డప్పు పరిగెడితే గంట నడిచేది, గంట పరిగెడితే డప్పు తిట్టేది. జవాబు పాట ఎవరికైనా వచ్చా అని రాజా అడిగాడు. ఆ పాట వచ్చిన ముసలాయన గొడవల రోజుల్లోనే పోయాడు. నేను సంచి మూతి కుడుతూ తల ఎత్తలేదు. సరే, పెళ్లిపాట కొడదాం, వాళ్లు మాత్రం ఏం కనిపెడతారన్నారు కుర్రాళ్లు.

ఒక్క మనిషి కనిపెడతాడని నాకు తెలుసు. మెల్కియాస్ బతికే ఉన్నాడు, ఆ ఏడు పడవల్లో మొదటిదానిలో వస్తున్నాడు. తన గంటల గొంతు పోల్చుకోవడానికి అతనికి చూపు అక్కర్లేదు. పోల్చుకున్న మరుక్షణం ఏమవుతుందో ఎన్నిసార్లు లెక్కవేసినా ఒకటే వచ్చేది. "హతుమెరి వాళ్లు మా ఊరు తగలబెట్టించి మా గంటలు దోచారు," అంటారు వైలేసి వాళ్లు. వాళ్లలో ఒకడు అరుస్తాడు, మాలో లతీఫ్ ఉన్నాడు. ఆ తర్వాతి లెక్క నా చేతిలో ఉండదు.

దానికి తోడు జైతూన్‌కు దగ్గు పట్టుకుంది. లవంగం తొడిమల దుమ్ముకు కోత రోజుల్లో సగం ఊరు దగ్గుతుంది. కానీ అది దగ్గిన ప్రతిసారీ నూర్సినా చేతిలో పని ఆగేది.

"ఒక దగ్గు ఇంట్లో, ఒక దగ్గు మసీదు ముందు," అంది ఒకరోజు వంట చేస్తూ. "బిడ్డ మీదకి తెచ్చావు."

"దుమ్మే అది."

"నీకన్నీ సరుకే. దుమ్ము కూడా సరుకే."

పడవలు రావలసిన ముందు రోజు పట్నంలో రాళ్లు పడ్డాయి, రెండు ఇళ్లు కాలాయి. మా రేవులో ఉన్న బయటి పడవలు ఒక్కొక్కటే లంగరు ఎత్తుకుని పోయాయి. కరెంటు స్తంభం పక్కన లతీఫ్ పిడికిలంత రాయి పెట్టుకుని కూర్చున్నాడు. గొడవల రోజుల్లో మాకు కబురంటే అదే; ఇనప స్తంభం మీద రాయి మోగితే ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని కొండెక్కేవారు, మగవాళ్లు కత్తులు తీసుకుని ఒడ్డుకు దిగేవారు. ఆ చప్పుడు విని పెరిగిన పిల్లలు ఇవాళ్టికీ గిన్నె కింద పడితే గుమ్మం వైపు చూస్తారు.

రమ్మన్నవాళ్లను వద్దనలేం. రావద్దని కబురు పెడితే, దాడికి తయారవుతున్నామనుకుంటారు. వాళ్లూ అలాగే అనుకుని ఉంటారు, రాకపోతే ఏమనుకుంటామోనని.

మర్నాడు ఉదయం ఎండ ఎక్కుతుండగా కొండమొన దాటి పడవలు కనిపించాయి. ఏడు. పగడపు దిబ్బ దగ్గరికి వచ్చి వరసగా ఆగాయి. మా వాళ్లు ఒడ్డు పొడవునా నిలబడ్డారు. కొత్త చొక్కాలు వేసుకున్నారు, చొక్కాల కింద కత్తులున్నాయి. డప్పుల వాళ్ల చేతుల్లో డప్పులున్నాయి, వేళ్లు ఆడటం లేదు.

మొదటి పడవ నుంచి డోలు మోగింది. మూడు దెబ్బలు, ఆగి రెండు. రావచ్చా అని.

కుర్రాళ్లు పెళ్లిపాట అందుకున్నారు. బెదురులో అది పరుగందుకుంది, గంటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పడవలు కదల్లేదు. మళ్లీ డోలు, అవే దెబ్బలు, ఈసారి నెమ్మదిగా. మళ్లీ పెళ్లిపాట. చివరి పడవ ముక్కు సముద్రం వైపు తిరగడం మొదలైంది.

"తిరిగిపోతున్నారు," అన్నారెవరో.

"పోవడం కాదు. మొన వెనక ఇంకా ఉన్నారు, వాళ్లని పిలవడానికి," అన్నాడు లతీఫ్. రాయి తీసుకుని స్తంభం దగ్గరికి నడిచాడు. ఆడవాళ్లు అప్పటికే పిల్లల చేతులు పట్టుకున్నారు. జైతూన్ గంటల పక్కన కదలకుండా నిలబడి ఉంది.

రాజా దిబ్బ వైపే చూస్తున్నాడు. "ఆ జవాబు ఒక్కటి వచ్చినవాడు ఊళ్లో లేకపోయాడే."

బేరంలో రెండు వైపులా నష్టమే ఉన్నప్పుడు చిన్నది ఏరుకోవాలని మా నాన్న చెప్పేవాడు. ఏది చిన్నదో తేల్చుకునే తీరిక లేదు. కుర్రాడి చేతిలోంచి కర్రలు తీసుకుని గంటల ముందు కూర్చున్నాను.

నలభై ఏళ్ల తర్వాత కూడా చేతులకు గుర్తుంది. మొదటి వరస వాయించాను. కానీ ఎనిమిదవది వచ్చినచోట కర్ర ఎత్తి దాటేశాను. మూడుసార్లు వస్తుంది అది, మూడుసార్లూ దాటేశాను. అది ఒక్కటి మోగకపోతే పోల్చుకోడని అప్పటికీ ఒక చిన్న లెక్క.

పడవలు కదల్లేదు. రెండో పడవ కూడా ముక్కు తిప్పుతోంది. స్తంభం దగ్గర లతీఫ్ చెయ్యి పైకి లేచింది.

పాట మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. ఎనిమిదవది వచ్చింది. కొట్టాను. మోగింది, దగ్గింది. నీళ్ల మీద ఆ దగ్గు దిబ్బ దాకా పోవడం నాకు వినిపించింది. మూడుసార్లు పోయింది.

తిరుగుతున్న పడవల ముక్కులు ఆగాయి. తర్వాత డోలు ఒకే ఒక్క దెబ్బ మోగింది. తెడ్లు నీళ్లలో పడ్డాయి.

మెల్కియాస్ ముందు దిగాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. చేతిబాంబు పేలి ఎడమ చెవి పోయిందని విన్నాను. మనిషి కుడివైపుకు వాలి నడుస్తున్నాడు. చెయ్యి చాపిన రాజాను దాటి తిన్నగా గంటల దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎనిమిదవదాని అతుకు మీద బొటనవేలు పెట్టి, కుడి చెవి ఆనించి, గోటితో తట్టాడు.

"ఇంకా దగ్గుతోందన్నమాట," అన్నాడు.

"దగ్గుతోందన్నా."

"నేనూ అంతే. దానికి అతుకైనా ఉంది." నా మొహం చూశాడు. "స్తంభం ఎత్తినప్పటి పిల్లాడివి కదూ? తాయిబ్. మణికట్టు అప్పుడూ బిగబట్టేవాడివి. ఇవి ఎలా వచ్చాయి నీ దగ్గరికి? ఎత్తుకొచ్చావా?"

"అల్లా సాక్షి, లేదన్నా! కొన్నాను. రెండు బస్తాల బియ్యం ఇచ్చి కొన్నాను."

అదే నాకు మిగిలిన రక్షణ అనుకున్నాను. అతని మొహం అప్పుడు వాడిపోయింది.

"అయ్యో తమ్ముడూ," అన్నాడు నెమ్మదిగా. "ఎత్తుకొచ్చి ఉంటే బాగుండేది. అన్న ఇంట్లో గిన్నె తమ్ముడు ఎత్తుకుపోతే ఏముంది, గిన్నె ఇల్లు మారుతుంది. కొన్నావంటే నన్ను పరాయివాణ్ణి చేశావు."

రాజాకు వినిపించింది. రాయి చేతిలో పట్టుకునే వచ్చిన లతీఫ్‌కూ వినిపించింది. "అంటే ఇవి... వీళ్లవా బావా?" అన్నాడు. పడవల్లోంచి దిగుతున్న మగవాళ్లు మోకాలి లోతు నీళ్లలో ఆగిపోయారు. జైతూన్ నావైపు చూసింది. ఆ చూపుకు సరిపోయేదేదీ నా గోడౌనులో లేదు.

మెల్కియాస్ మోకాళ్ల మీద చేతులాన్చి లేచాడు. "ఏమయ్యా వేళ్లు లేనాయనా," అన్నాడు లతీఫ్‌తో, "ఆ రాయి మాకు వండిపెట్టడానికా? పొద్దున్నుంచీ తిండి లేదు. ముందు అన్నం పెడతారా, పంచాయితీ పెడతారా?"

వెనక నీళ్లలో ఎవడో నవ్వాడు. లతీఫ్ తన చేతిలో రాయి అప్పుడే చూసినట్టు చూసుకుని కింద పడేశాడు.

తిన్నారు. పొడవాటి గుడ్డ పరిచి ఎదురెదురుగా కూర్చుని సాగో చెట్టు పిండితో కాచిన గంజి, పులుసు చేప. ఎదుటివాళ్ల చేతులు ఎక్కడున్నాయో అందరూ కనిపెడుతూనే తిన్నారు. తర్వాత వాళ్ల శంఖాలు, మా డప్పులు. శంఖం నిదానం, డప్పు తొందర. "మీ ప్రార్థనలు ఇంత పొడుగేంటయ్యా?" అన్నారు మా కుర్రాళ్లు. "మిమ్మల్ని ఎవడు తరుముతున్నాడయ్యా?" అన్నారు వాళ్లు. మెల్కియాస్ మాత్రం గంటలు ముట్టలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అతను వాయించనిదే పెలా వెచ్చబడినట్టు కాదు. పొద్దు వాలుతున్నకొద్దీ మాటలు తగ్గాయి. మా వాళ్లు మళ్లీ పడవలను లెక్కపెట్టసాగారు.

అప్పుడు జైతూన్ కర్రలు రెండు చేతులతో పట్టుకుని వెళ్లి అతని కుడి చెవి వైపు కూర్చుంది.

"తాతా, మా నాన్న మొదటిసారి తప్పు వాయించాడు కదా?"

"తప్పు కాదు. దొంగ వాయించడం."

"సరిగ్గా ఎలాగో నాకు చూపించు."

మెల్కియాస్ జైతూన్ మొహం చూశాడు. పిల్ల దగ్గింది. అతని పెదవులు కదిలాయి. తర్వాత వెనక నుంచి దాని మణికట్లు పట్టుకున్నాడు, నలభై ఏళ్ల కింద నావి పట్టుకున్నట్టే. మొదట గంటలు, వాటి అడుగులకు డప్పులు, చివర శంఖాలు కలిశాయి. ఎవరు ఎవరికోసం ఆగారో నేను చెప్పలేను. ఎవరో ఒకరు ఆగారు.

పెలా ఇంటికి వచ్చినవాళ్లు వెళుతూ తోచింది పట్టుకుపోవచ్చు, అడగనక్కర్లేదు. మెల్కియాస్ గంటలు పడవలోకి ఎక్కించాడు. పడవ కదులుతుంటే చూశాను, ఇసుకలో ఎనిమిదవది ఉండిపోయింది. తీసుకుని నడుములోతు నీళ్లలోకి పరిగెత్తాను.

"అన్నా! ఒకటి మర్చిపోయావు."

"చెవి పోయింది గానీ లెక్క పోలేదు నాకు. దాన్ని అమ్మితే ఎంతొస్తుంది?"

"పగిలినదానికి ఏమొస్తుంది? కొలిమివాడు కూడా ముట్టుకోడు."

"అయితే నీ దగ్గర ఉండదగింది అదే," అన్నాడు. పడవ వెళ్లిపోయింది.

నెల తిరగకముందే పట్నంలో మళ్లీ ఇళ్లు కాలాయి. చివరి బస్తాలు కుడుతున్న సాయంత్రం పక్క ఊళ్లో స్తంభం మోగింది. మావాళ్లంతా ఒడ్డుకు దిగారు. వైలేసి నుంచి పడవలు బయల్దేరాయని ఎవడి ఫోనులోనో వచ్చింది. నీళ్ల మీద మసక, ఏదీ కనబడదు. లతీఫ్ స్తంభం దగ్గరికి పోయి నిలబడ్డాడు.

అవతలి నుంచి గంటలు వినబడ్డాయి. సన్నగా, గాలి వచ్చినప్పుడల్లా. జవాబు పాట. కానీ మధ్యలో మూడుచోట్ల ఏమీ లేదు. పాట అయిపోయింది, మళ్లీ మొదటినుంచి వచ్చింది, మళ్లీ ఆ మూడుచోట్లా ఖాళీ.

"ఏమంటున్నారు బావా?"

"అడుగుతున్నారు."

"ఏమని?"

"ఇంకా అన్నదమ్ములమేనా అని," అంటూ గోడౌనుకు పరిగెత్తాను. గంట పట్టుకుని తిరిగొచ్చేసరికి వాళ్లు మూడోసారి ఎత్తుకున్నారు, కాస్త తొందరగా, బెదిరినట్టు. గంట ఇసుకలో పెట్టి కూర్చున్నాను. జైతూన్ నా పక్కన కూర్చుని వేళ్ల మీద లెక్కపెడుతూ, "ఇప్పుడు," అంది. కొట్టాను. "ఇప్పుడు." కొట్టాను. మూడోది కూడా కొట్టి ఆగాం. ఆ తర్వాత డోలు ఒక్క దెబ్బ. లతీఫ్ రాయి కింద పెట్టి దాని మీదే కూర్చున్నాడు. ఆ రోజు మా స్తంభం మోగలేదు.

ఆ సీజను లెక్క ఇది. లవంగం ధర పడిపోయింది. రెండు బస్తాల బియ్యం, పదకొండు గంటలు పోయాయి. జైతూన్ దగ్గు వానలతో పోయింది; దుమ్మేనని నేనంటాను, నూర్సినా ఒప్పుకోదు. భయం పోలేదు, ఇనుము మీద ఏది తగిలినా ఇప్పటికీ గుమ్మం వైపు చూస్తాను. అవతలి ఒడ్డున కూడా ఒకడు అలాగే చూస్తుంటాడని అంతకుముందు తెలియదు, ఇప్పుడు తెలుసు. చేతికొచ్చింది ఒక పగిలిన గంట. దాని మీద నాకున్నవి పాటకు మూడు దెబ్బలు.